పూజలో పెట్టిన పుస్తకాలు

కళ్ళు తెరిచీ తెరవగానే ప్రసూనాంబకు అప్పుడే పొద్దుగూకినంత అలసటగా అనిపించింది. వీధిలో సున్నపురాయి లారీ ఒకటి కిటికీ చువ్వలు అదిరేలా వెళ్ళిపోయింది. పంపు దగ్గర బిందెలూ, వాటితో పాటు నోళ్ళూ మోగడం మొదలైంది. ఐదేళ్ళ ఇందు రెండు కాళ్ళూ తల్లి నడుము మీద పడేసి, జగ్గయ్యపేట మొత్తం లేచినా తనకేం పట్టనట్టు నిద్రపోతోంది. ఆ కాళ్ళు నెమ్మదిగా తీసి పక్కన పెట్టి ప్రసూన లేచింది.

లేచాక ఇక ఆమె కాళ్ళు ఆమెవి కావు. వాకిట్లో కల్లాపి, ముగ్గు, మామగారికి వేడినీళ్ళు, కాఫీకి పాలు, నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసే భర్త కుటుంబరావుకు క్యారేజీ. ఆయన బస్సుకు పరిగెత్తాక అత్తగారు ఉమాకాంతమ్మ మడివంటకు సాయం, మామగారు వీరరాఘవయ్యగారి పూజకు పూలు, ఇందు అన్నం, ఇందు అలకలు. ఈ పనుల మీద నడిమింట్లోంచి అటూ ఇటూ తిరుగుతున్నప్పుడల్లా ట్రంకుపెట్టె మీద దొంతరగా ఉన్న పుస్తకాల వైపు ఓరగా చూసేది. ఇంటికొచ్చి కూర్చున్న చుట్టానికి ఇంకా కాఫీ ఇవ్వలేదే అన్నట్టుండేది ఆ చూపు.

అవి బీయస్సీ లెక్కల పుస్తకాలు. కొన్ని తను బెజవాడలో చదువుకున్నప్పటివి. కొన్ని నందిగామలో కాపురముంటున్న ఆడపడుచు చూడామణి, తన ఇంటి పక్కనున్న లెక్చరరుగారిని అడిగి తెచ్చిపెట్టినవి. ప్రసూన ఆ రోజుల్లో ఫస్టుక్లాసులో పాసైంది. ఎమ్మెస్సీకి వెళ్ళాల్సిన పిల్ల పెళ్ళిపీటల మీదకు వెళ్ళింది. దానికి ఆమె ఏడవలేదు. కుటుంబరావు మంచివాడు, అత్తమామలు మంచివాళ్ళు. ఏడుద్దామన్నా ఏం చెప్పి ఏడుస్తుంది?

ఆ ఏడు వేసవిలో, అంటే ఎనభై రెండో సంవత్సరంలో, కుటుంబరావు పేపరు మడిచి పట్టుకుని వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఎమ్మెస్సీకి ఎంట్రెన్సు పెడుతున్నారంట. రాయరాదూ?" అన్నాడు.

"నేనా? ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

నిజమే, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. అత్తగారికి అరవై దాటాయి. ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు మూలగడం మొదలెట్టాయి. రెండేళ్ళు హాస్టల్లో ఉండి చదువుకు రావాలంటే ఇందును ఆవిడే చూసుకోవాలి. ఆవిడకు ఓపిక ఉన్నది ఈ రెండు మూడేళ్ళే. ఈ బస్సు తప్పితే తనకు వేరే బస్సు లేదని ప్రసూనకు బాగా తెలుసు.

ఎవరూ వద్దనలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఎవరైనా వద్దని ఉంటే పోట్లాడేది, అన్నం మానేసేది, ఆ పంతం మీదైనా చదివేది. మామగారేమో "చదువుకో అమ్మా, మంచిదేగా" అన్నారు. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, "పిల్ల సంగతి నేను చూసుకుంటా. రెండేళ్ళు ఎంతలోకి గడుస్తయ్యి!" అన్నది. కుటుంబరావు అప్లికేషన్ తనే నింపి, స్టూడియోకి తీసుకెళ్ళి ఫోటో తీయించి, తనే పోస్టు చేశాడు. ఇంతమంది ఇంత మంచితనం చూపించాక, ఇంకా మొదలుపెట్టలేదన్న నేరం ఎవరి మీదా తోయడానికి వీల్లేకుండా పోయింది.

ఆ ఏడు యూనివర్సిటీలో సమ్మెల వల్ల పరీక్షలన్నీ వెనక్కి జరిగాయి. ఎంట్రెన్సు కూడా కార్తీకమాసంలోకి పోయింది. బోలెడంత టైముంది కదా అనుకుంది ప్రసూన. శ్రావణమాసం వెళ్ళాక మొదలుపెడదామనుకుంది. శ్రావణం వెళ్ళేసరికి వినాయకచవితి వచ్చింది. చవితి వెళ్ళేసరికి ఇందుకు జ్వరం వచ్చింది. మధ్యలో టైంటేబులు ఒకటి అందంగా రాసి గోడకు అంటించింది. దాని ప్రకారం ఏమీ జరగలేదు గానీ, చూడ్డానికి మాత్రం బాగుండేది.

ఒక్కసారి మాత్రం, భాద్రపదంలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో అంతా కునుకు తీస్తుండగా ధైర్యం చేసి పుస్తకం తెరిచింది. రియల్ ఎనాలిసిస్. ఒకప్పుడు కాలేజీలో వెనక బెంచీ వాళ్ళందరికీ తను విడమరిచి చెప్పిన పాఠం. మొదటి పేజీ చదివింది. మళ్ళీ చదివింది. చిన్నప్పటి స్నేహితురాలు ఎదురుపడి, ఎవరండీ మీరు అన్నట్టయింది. "అయ్యో, పాలు" అని పైకే అనుకుంటూ పుస్తకం మూసి వంటింట్లోకి పరిగెత్తింది. ఆ వేళప్పుడు పొయ్యి మీద పాలే లేవు.

దసరా వచ్చింది. మూలా నక్షత్రం నాడు ఉదయం ఉమాకాంతమ్మ తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని నడిమింట్లోకొచ్చింది.

"ప్రసూనా, ఇవాళ పుస్తకాలు పూజలో పెట్టాలి. నీవి తేమ్మా."

ఆ ఇంట్లో అది ఆనవాయితీ. మూలా నక్షత్రం నాడు చదువుకునేవాళ్ళు పుస్తకాలు తెచ్చి అమ్మవారి ముందు పెడతారు. పెట్టాక విజయదశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ వాటిని ముట్టుకోకూడదు, చదవకూడదు. దశమి నాడు తీసి, ఒక్క ముక్కైనా చదివితే ఆ ఏడాదంతా చదువు సాగుతుందని నమ్మకం. ప్రసూన పైనున్న రెండు పుస్తకాలు తీసి ఇచ్చింది.

"రెండేమిటే? ఇన్ని పెట్టుకుని! పరీక్ష రాసేది వీటన్నిటికీ కాదూ?" అని ఉమాకాంతమ్మ తనే దొంతరంతా చేతుల్లోకి ఎత్తుకుంది. సిలబస్ కాగితం తీసి పైన పెట్టుకుంది. గూట్లో ఉన్న పెన్ను కూడా తీసింది. "ఇదీ ఉండాలి. రాసేది దీంతోనేగా."

పుస్తకాలన్నీ పూజగదిలోకి వెళ్ళిపోయాయి. ఖాళీ అయిన ట్రంకుపెట్టె మీద దుమ్ములో వాటి అచ్చు మిగిలింది. ప్రసూన తడిగుడ్డతో దాన్ని తుడిచేసింది. తుడుస్తుంటే ఎందుకో గుండెల మీంచి బరువు దిగినట్టయింది. దసరా కదా, అమ్మవారి దయ అనుకుంది.

నవమి నాడు మధ్యాహ్నం విస్తళ్ళు ఎత్తుతుండగా చెవిటికల్లు నుంచి మనిషి వచ్చాడు. వీరరాఘవయ్యగారి పెదతండ్రి కొడుకు దశరథరామయ్యగారు ఆ ఉదయమే పోయారని కబురు. నాలుగు నెలలుగా మంచాన ఉన్న మనిషే. వీరరాఘవయ్యగారు అలాగే వీధరుగు మీద కూలబడి, "చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని కృష్ణలో స్నానానికి తీసుకెళ్ళేవాడే" అని కాసేపు కళ్ళు తుడుచుకున్నారు. ఆ పూటే బయల్దేరి వెళ్ళిపోయారు. కర్మకాండ అయ్యేదాకా ఆయన మకాం అక్కడే.

ఇంటికి జ్ఞాతి మైల వచ్చింది. మైలలో దీపం లేదు, పూజ లేదు, దేవుడి గదిలో అడుగు పెట్టడానికి లేదు. ఉమాకాంతమ్మ గడప బయటి నుంచే దణ్ణం పెట్టి, పూజగది తలుపులు దగ్గరకేసి గొళ్ళెం పెట్టింది. మర్నాడు విజయదశమి అయితే వచ్చింది గానీ ఉద్వాసన జరగలేదు. అమ్మవారు లోపలే ఉంది. ఆవిడ ఎదుట పసుపు కుంకుమలతో ప్రసూన ఎమ్మెస్సీ కూడా లోపలే ఉండిపోయింది.

ఆ సాయంత్రం కుటుంబరావు చెప్పులు విడుస్తూ అన్నాడు.

"అక్కయ్యని రమ్మందామా? పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లగా, ఆవిడ గోత్రం వేరు. ఈ మైల ఆవిడకి పట్టదు. స్నానం చేసి ఉద్వాసన చెప్పి, పుస్తకాలు తీసి ఇచ్చిపోతుంది. రేపు ఆఫీసు నుంచి అటే వెళ్ళి చెప్తా."

ప్రసూన ఇందు జడ విప్పుతోంది. విప్పుతూనే, "ఎందుకులెండి పాపం. పండగ పూట వదిన ఇంటినిండా చుట్టాలుంటారు. ఇప్పుడామెని బస్సెక్కించి తిప్పడం ఎందుకు? మామయ్యగారు రానివ్వండి, చూద్దాం" అంది.

"నీ ఇష్టం" అన్నాడు కుటుంబరావు. ఎవరినీ రెండోసారి అడిగే అలవాటు లేని మనిషి.

మైల రోజుల్లో ఆ ఇల్లు కొత్తగా తయారైంది. మడి లేదు, మహానైవేద్యం లేదు, పూలు కోయడం లేదు, వచ్చే పోయే ముత్తైదువలు లేరు. మామగారు ఊళ్ళో లేరు. పదింటికల్లా వంటిల్లు సర్దేసి కూర్చోవచ్చు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ప్రసూనకు ఇంత తీరిక దొరకడం ఇదే మొదటిసారి. ఆ తీరికలో ఆమె ఏం చేసిందంటే, అటక మీది డబ్బాలన్నీ దించి తోమింది. తోమిన డబ్బాలకు మూతలు సరిపోవని తేలితే మూతలన్నీ మళ్ళీ తోమింది. పాతబట్టలన్నీ ఉతికి ఆరేసి మడతలు పెట్టింది. అవీ అయ్యాక, వత్సవాయి రైతు బసవయ్య ఎండాకాలంలో తెచ్చిచ్చిన మిరపకాయల బస్తా అడుగు మిగిలి ఉంటే దాన్ని వసారాలోకి లాక్కొచ్చుకుని తొడిమలు తీయడం మొదలెట్టింది.

"ఇప్పుడెందుకే ఆ మిరపకాయలు? కారం కొట్టించేది ఎప్పుడో!" అంది ఉమాకాంతమ్మ.

"ఊరికే కూర్చోలేక, అత్తయ్యా."

ఉమాకాంతమ్మ కోడలి వైపు కాసేపు చూసింది. ఏదో అనబోయింది. అనకుండా మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచి లోపలికెళ్ళింది. ప్రసూన తలెత్తకుండా తొడిమలు తీస్తూనే ఉంది. రాత్రి పడుకుంటే అరచేతులు మండేవి. పొద్దున లేస్తే ఒళ్ళంతా కొట్టినట్టుండేది. ఏ పనీ లేని రోజుల్లో ఇంత అలసట ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమెకే అర్థం కాలేదు.

మైల ఇంకా వదలకముందే ఒక సాయంత్రం కుటుంబరావు వాకిట్లోంచే కేకేసుకుంటూ వచ్చాడు.

"ఏమోయ్, హాల్ టికెట్ వచ్చింది! ఆఫీసుకే పంపారు. ఇదిగో, నీ ఫోటో కూడా బాగానే పడింది. కార్తీక పౌర్ణమి వెళ్ళిన వారమే పరీక్ష. గట్టిగా నెలరోజులే ఉంది."

ప్రసూన వసారాలో మిరపకాయల చాట ముందు కూర్చుని ఉంది. అక్కడే గోడకు ఆనుకుని ఉమాకాంతమ్మ ఇందుకు పెరుగన్నం తినిపిస్తోంది. కుటుంబరావు చల్లగా అడిగాడు.

"అవునూ, ఇంతకీ ఎంతవరకూ వచ్చింది చదువు?"

"ఏ చదువండీ?" అంది ప్రసూన.

"అదే..."

"పుస్తకాలు పూజగదిలో, పూజగది గొళ్ళెంలో. ఇక చదువు ఎంతవరకొస్తుంది, వంటింటి దాకా వస్తుంది! రెండు పుస్తకాలిస్తే చాల్లేదు అత్తయ్యగారికి. ఉన్నవన్నీ ఊడ్చుకెళ్ళి పెట్టారు. సిలబస్ కాగితం పెట్టారు. పెన్ను కూడా పెట్టారు. ఒక్క ముక్కైనా బయట మిగలకూడదనేగా? నన్ను చదవనివ్వకూడదని ముందే అనుకుంటే ఆ మాట మొహాన చెప్తే పోయేదిగా, అమ్మవారిని అడ్డం పెట్టుకోడమెందుకు?"

మాట జారిపోయాక గానీ తను ఏమందో ఆమెకే వినపడలేదు. ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడింది లేదు. ఇందు నోట్లో ముద్ద నమలడం మానేసి తల్లిని చూస్తోంది.

ఉమాకాంతమ్మ గిన్నె కింద పెట్టింది.

"నేనా? నేను నిన్ను చదవనివ్వకూడదనుకున్నానా, ప్రసూనా?"

ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"ఏరా అబ్బాయ్, దశమి నాడు పొద్దున్నే నీకేం చెప్పా నేను? అక్కని తీసుకురా, ఉద్వాసన చెప్పి పుస్తకాలు తీసిచ్చిపోతుందని చెప్పానా, లేదా?"

కుటుంబరావు తన చెప్పుల వంక చూసుకున్నాడు. "చెప్పావమ్మా."

"మరెందుకు రాలేదది?"

"నేను... ప్రసూనని అడిగా."

"అడిగితే?"

"వద్దంది."

ప్రసూన తల వంచుకుని, "వదిన ఇంట్లో చుట్టాలున్నారని..." అని గొణిగింది.

"చుట్టాలు ఏకాదశికే వెళ్ళిపోయారు. నువ్వు ఊ అంటే అది మొదటి బస్సుకే వచ్చి వాలేది. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు" అంది ఉమాకాంతమ్మ. కోపంగా అనలేదు. తగ్గు గొంతుతో అంది. అందుకే ఆ మాట తిన్నగా వెళ్ళి తగిలింది.

ప్రసూన పొంగుకొస్తున్న ఏడుపు ఆపుకోవాలని రెండు చేతులతోనూ కళ్ళు గట్టిగా తుడుచుకుంది. మిరపకాయల చేతులు! మరుక్షణం కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. "అమ్మా!" అని కేక పెట్టింది.

"కళ్ళు నలపకు! నలపబోకే! ఒరేయ్, చల్లటి నీళ్ళు పట్రా. కాచి చల్లార్చిన పాలున్నయ్యి, ఆ గిన్నె కూడా తే!"

ఉమాకాంతమ్మ కోడలి తలను తన ఒళ్ళోకి వాల్చుకుంది. నీళ్ళతో కడిగి కడిగి, మెత్తటి పాతచీర పేలిక పాలల్లో తడిపి రెప్పల మీద వేసింది. ఆ మోకాళ్ళ మీద బరువు పడితే నొప్పి అని తెలిసినా ప్రసూన లేవలేకపోయింది. కళ్ళు మూసుకుపోయి, లోకమంతా చీకటై ఉంది. ఆ చీకట్లో, ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేనప్పుడు, ఇన్నాళ్ళూ తనకు తనే చెప్పుకోని మాట ఆమె నోట్లోంచి వచ్చింది.

"భయమేస్తోంది, అత్తయ్యా."

"దేనికమ్మా?"

"భాద్రపదంలో ఒకరోజు పుస్తకం తీశా. ఒక్క ముక్క అర్థం కాలా. ఒకప్పుడు నేను పదిమందికి చెప్పిన పాఠం అది. మూసేసి పారిపోయా. మొదలుపెట్టనంతవరకూ, మొదలుపెడితే వచ్చేస్తుందనే ధైర్యం ఉంటుంది గదా. మొదలుపెట్టాక నాకేమీ రాదని తేలిపోతే? ఇంక నాకేం మిగులుద్ది? మీరు పుస్తకాలు పట్టుకెళ్తుంటే... నిజం చెప్తున్నా, అమ్మయ్య అనిపించింది. మైల రాగానే ఇంకా హాయిగా అనిపించింది. ఛీ, ఒక మనిషి పోతే హాయేంటి? పాపిష్టిదాన్ని, నా తప్పు మీ మీద నెట్టేశా."

ఉమాకాంతమ్మ పేలిక మళ్ళీ పాలల్లో ముంచింది. పిండింది.

"పాపిష్టిదానివి నువ్వొక్కదానివేనా? అబ్బాయితో నేను ఒక్కసారే చెప్పా, విన్లేదూ? రెండోసారి ఎందుకు అడగలేదో తెలుసా? నువ్వు ఆ డబ్బాలు తోముతుంటే, ఈ మిరపకాయలు ముందేసుకుంటే, చదివే పిల్ల చేసే పనులు కావివి అని నాకు తెలీదా? ఎందుకు ఊరుకున్నా?"

ప్రసూన కళ్ళు తెరవబోయింది. "మూసుకో" అని ఉమాకాంతమ్మ రెప్పల మీద అరచెయ్యి ఆనించింది.

"ఆ రోజేమో గొప్పగా అనేశా, రెండేళ్ళు ఎంతలోకి గడుస్తయ్యని. అని వచ్చి పడుకుంటే నిద్ర పట్టలా. మళ్ళీ ఆ పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే. నేనూ, నా మోకాళ్ళూ. పిల్ల అమ్మ కావాలని ఏడిస్తే ఏం చెప్పను? అదైనా పర్లేదు. పొద్దున లేస్తే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే. మీ మామగారికి పంచాంగం, వీడికి ఆఫీసు. నువ్వెళ్తే నేను ఎవరితో మాట్లాడను? ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను, పెద్దదాన్నిగదా, సిగ్గు. సరే, తలుపేసుంది, అమ్మవారు చూసుకుంటుందిలే అని ఊరుకున్నా. నువ్వొక పక్క, నేనొక పక్క, ఇద్దరం కలిసి ఆ తల్లి చాటున దాక్కున్నాం."

పేలిక కింద ప్రసూన కళ్ళల్లోంచి నీళ్ళు చెంపల మీదుగా చెవుల్లోకి దిగాయి. కారం మంట తగ్గినా అవి ఆగలేదు. ఆమె తడుముకుంటూ అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"నేను వెళ్ళను లెండి, అత్తయ్యా."

"నోర్ముయ్. మంచం పట్టిన తర్వాత నేను నిన్ను చూస్తూ, నా వల్లే ఆగిపోయిందీ పిల్ల అనుకుంటూ పోవాలా? ఆ మాట మళ్ళీ అనబోకు. రాకపోతే రాకపోనీ. పరీక్ష తప్పితే తప్పావు. మొదలైతే పెట్టు ముందు. భయం నీకూ ఉంది, నాకూ ఉంది. ఇద్దరం భయపడుతూనే చేద్దాం."

కుటుంబరావు ఇంతసేపూ నీళ్ళ చెంబుతో అలాగే నిలబడి ఉన్నాడు. మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకీ అక్కయ్యని రమ్మనాలా, వద్దా?"

"రమ్మను!" అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే. నోట్లో ముద్ద అప్పటికి మింగి ఇందు కూడా "రమ్మను" అంది.

మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్ళిన కుటుంబరావు చెప్పీ చెప్పగానే బయల్దేరిందేమో, పన్నెండు కాకముందే చూడామణి వచ్చి వాకిట్లో నిలబడింది. నుదుటి మీద రూపాయంత బొట్టు, భుజాన సంచీ, ఇంట్లోకి రాకముందే మాటలు.

"ఏమే ప్రసూనా, చిల్లకల్లు దగ్గర బస్సు ఆగిపోయి గంటసేపు చచ్చాననుకో! ఇంత చిన్నపనికి ఇన్నాళ్ళు కబురు చెయ్యకుండా ఉంటారంటే మిమ్మల్నేమనాలి? మా పక్కింటి లెక్చరరుగారు రోజూ అడుగుతున్నారు, మీ మరదలు ఎక్కడిదాకా వచ్చిందమ్మా అని. ఏదో గ్రూప్ థియరీయట, అందులో ఉందని చెప్పి నెట్టుకొస్తున్నా! ఆ కళ్ళేంటే, అట్లా ఎర్రగా ఉన్నయ్యి?"

"మిరపకాయలు, వదినా."

చూడామణి తల్లి మొహం చూసింది, మరదలి మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. బావి దగ్గర స్నానం చేసి, తడిచీరతోనే వచ్చి పూజగది గొళ్ళెం తీసింది. వాడిన చామంతుల వాసన గుప్పున బయటికొచ్చింది. నైవేద్యం పెట్టిన బెల్లానికి చీమలు బారులు కట్టాయి. మైల ఉన్నవాళ్ళు దూరంగా నిలబడి చూస్తుండగా, తనకు వచ్చిన నాలుగు ముక్కలు చదివి, అమ్మవారిని వెళ్ళిరమ్మని వేడుకుని, కలశం కదిలించింది. తర్వాత పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చి వసారాలో పీట మీద పెట్టింది. సిలబస్ కాగితం, పెన్ను కూడా తెచ్చి పెట్టింది.

"తీసిన రోజు ఒక్క ముక్కైనా చదవాలి. మర్చిపోయారా ఏంటి?" అంది.

ప్రసూన పీట దగ్గర కూర్చుంది. పైనున్నదే రియల్ ఎనాలిసిస్. అట్ట మీద ఉమాకాంతమ్మ వేలి అచ్చుతో కుంకుమ బొట్టు ఉంది. తెరిస్తే పేజీల మధ్యలోంచి రెండు అక్షింతలు రాలాయి. మొదటి వాక్యం చదివింది. అర్థం కాలేదు. మళ్ళీ చదివింది. అర్థమైనట్టే ఉండి చేజారిపోయింది. చేతులు వాటంతట అవే పుస్తకం మూయబోయాయి.

"అత్తయ్యా, పొయ్యి మీద పాలు..."

"పాలు నేను చూస్తాలే. కూర్చో" అంది ఉమాకాంతమ్మ వంటింట్లోంచి.

ఇక లేవడానికి సాకేదీ మిగల్లేదు. ప్రసూన మూడోసారి చదివింది. పెన్ను తీసుకుని, సిలబస్ కాగితం వెనక తెల్లగా ఉన్నచోట ఆ పేజీలోని లెక్క రాయడం మొదలెట్టింది. సగంలో తప్పిపోయింది. కొట్టేసి మళ్ళీ రాసింది. మళ్ళీ తప్పిపోయింది గానీ, ఈసారి ఎక్కడ తప్పిందో తెలిసింది. తప్పిన చోటు తెలిసేసరికి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్కడినుంచి పట్టుకుని ఒక్కో మెట్టూ రాసుకుంటూ పోయింది. చూడామణి వెళ్ళొస్తానని ఎప్పుడు చెప్పిందో, తను ఏమని తలూపిందో కూడా గుర్తులేదు.

ఇందు ఆటలోంచి లేచి పరిగెత్తుకుంటూ వచ్చింది. వసారాలోకి రాబోతుంటే ఉమాకాంతమ్మ వంటింటి గడప దగ్గరే పట్టుకుని ఆపేసింది.

"నానమ్మా, ఆకలి. అమ్మ కలపాలి అన్నం."

"నేను కలుపుతా దా. అమ్మ ఇంట్లో లేదు. యూనివర్సిటీకి వెళ్ళింది."

"అదుగో, అక్కడే కూర్చునుందిగా!"

"కూర్చున్నా లేనట్టే. ఇవాళ్టి నుంచి అలవాటు చేసుకోవాలి తల్లీ, నువ్వూ, నేనూ."

ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో గుమ్మం పట్టుకుని, మోకాళ్ళు మూలుగుతుండగా మెల్లగా వంటింట్లోకి నడిచింది.

వసారాలో ప్రసూనకు అంతా వినపడింది. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. లేచి వెళ్ళి ఆ ఇద్దరినీ ఒక్కసారి కావలించుకుందామనిపించింది. కానీ అత్తగారు అంత కష్టపడి లేదని చెప్పిన మనిషి ఇప్పుడు లేచి ఎదురుగా ఎలా వెళ్తుంది? ఈసారి చేతులు చూసుకుని, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, ప్రసూన పేజీ తిప్పింది.